కాటా దగ్గర తీసిన పైసా
(మన ప్రాంతపు వర్తకులు, సంఘాలు, సమాజాభివృద్ధి – ఒక చారిత్రక పరిశీలన)

మన సంఘం సావనీరు చేతికి రాగానే చాలామంది ముందు తిరగేసేది వెనక పేజీలే. బట్టల కొట్టు, ఎరువుల కొట్టు, మందుల షాపు, ఇనుప సామాన్ల దుకాణం, బస్టాండు దగ్గర టీ హోటలు, అందరూ తమ తమ పేర్లతో "శుభాకాంక్షలు" చెప్పి ఉంటారు. ఆ ప్రకటనల వల్ల ఆ కొట్లకు కొత్తగా బేరాలు వస్తాయని ఎవ్వరూ అనుకోరు. కొండాపురంలో ఏ కొట్టు ఎక్కడుందో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. అయినా ఇస్తారు. ఆ డబ్బుతోనే ఈ ముందు పేజీలు అచ్చవుతున్నాయి. మిగిలితే ఒకరిద్దరు పిల్లలకు ఫీజుగా పోతున్నది.

ఈ అలవాటు ఎప్పటిది? వ్యాపారం చేసుకునేవాళ్లు పదిమంది కలిసి ఊరి కోసం ఎంతో కొంత తీసిపెట్టడం మన దేశంలో ఎట్లా మొదలైంది, ఎక్కడ నిలిచింది, ఎక్కడ చెడిపోయింది? దాన్నుంచి ఉదయగిరి, ఆత్మకూరు మెట్టప్రాంతంలో ఉన్న మనం నేర్చుకోవలసింది ఏమిటి? ఈ ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. చరిత్ర అంటే రాజుల యుద్ధాలే కాదు గదా! కాటా, తక్కెడ, చిట్టా పుస్తకం, వీటికీ చరిత్ర ఉంది.

మగమ అనే పాత మాట

కాకతీయుల కాలం నాటి శాసనాల్లో "మగమ" అనే మాట వస్తుంది. వర్తకులంతా ఒక సమయంగా, అంటే సంఘంగా ఏర్పడి, తాము అమ్మే సరుకు మీద బస్తాకింత, పెరికకింత అని కట్టుబాటు చేసుకుని ఒక ధర్మకార్యానికి ఇచ్చే సొమ్ము అది. రాజు వేసిన పన్ను కాదు, తమకు తామే వేసుకున్నది. ఉప్పు, మిరియాలు, నూనె, ఆకులు, పోకలు, ఏ సరుకు మీద ఎంత ఇవ్వాలో రాయి మీద చెక్కించేవారు. ఎందుకు చెక్కించేవారంటే, రేపు కొడుకు మాట తప్పకుండా ఉండటానికి.

ఆ వర్తకులు ధైర్యంగా వ్యాపారం చేసుకోవడానికి పాలకుల వైపు నుంచి ఒక భరోసా కూడా కావాలి. దానికి మన తీరంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. ఒంగోలుకు ఉత్తరాన చినగంజాం దగ్గర మోటుపల్లి అనే పాత రేవు ఉంది. అక్కడ 1244–45లో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయశాసనం నేటికీ ప్రసిద్ధం. అంతకుముందు తుఫానుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని సరుకును రాజులు బలవంతంగా పట్టుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించి, ముప్పైవ వంతు సుంకం మాత్రమే తీసుకుంటామని, మిగిలిన సరుకు వర్తకులదేనని మాట ఇచ్చాడు. దూరదేశాల నుంచి వచ్చే వర్తకుల మతం, కులం, భాష ఆ శాసనం అడగలేదు. అరబ్బులైనా, చీనా వాళ్లైనా, తమిళులైనా సుంకం ఒకటే.

ఇందులో మనం గమనించవలసిన విషయాలు రెండు. సుంకం ఎంతో ముందే అందరికీ తెలియడం ఒకటి. వర్తకుడు ఇచ్చేది ఎంతో రాయి మీద ఉండటం రెండోది. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య లెక్క బహిరంగంగా ఉన్నంత కాలం వ్యాపారం పెరిగింది, వ్యాపారంతో పాటు ఊరూ పెరిగింది.

ఉదయగిరికి వచ్చిన వజ్రాల వర్తకుడు

ఇప్పుడు మన దుర్గం దగ్గరికి వద్దాం. ఉదయగిరి అనగానే గజపతులూ, కృష్ణదేవరాయలూ గుర్తుకొస్తారు. రాయలవారు ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో ఆ కొండను పట్టుకున్నారు. కానీ ఆ తరువాత నూటముప్పై ఏళ్లకు ఉదయగిరిని గెలిచినవాడు పుట్టుకతో రాజూ కాదు, సేనానీ కాదు. ఆయన ఒక వర్తకుడు. చరిత్రలో మీర్ జుమ్లా అని పేరు. అసలు పేరు ముహమ్మద్ సయ్యద్. ఇరాను దేశంలో ఒక నూనె వర్తకుడి కొడుకు. గోల్కొండకు గుమాస్తాగా వచ్చాడు. వజ్రాల గనులు కౌలుకు తీసుకున్నాడు, సొంత ఓడలు నడిపాడు, మచిలీపట్నంలో అధికారి అయ్యాడు. 1640లలో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేనలతో నెల్లూరు, ఉదయగిరి పట్టి, 1650లో గండికోట దాకా పోయాడు. ఆ రోజుల్లో దక్షిణ దేశంలో ఆయనంత ధనవంతుడైన వర్తకుడు మరొకడు లేడంటే అతిశయోక్తి కాదు.

ఆ ధనం ఏమైంది? ఫిరంగులకు పోయింది, గుర్రాలకు పోయింది. సుల్తానుకీ ఆయనకీ చెడిన తరువాత 1656లో షాజహాన్ దర్బారుకు పోయి గొప్ప వజ్రాన్ని నజరానాగా ఇచ్చాడు. 1663లో అస్సాం దండయాత్ర నుంచి తిరిగి వస్తూ దారిలో చనిపోయాడు.

ఆయన్ని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. మహా సమర్థుడు. కాని ఉదయగిరి పేటలో తరతరాలుగా బతుకుతున్న సామాన్యుడికి ఆ సంపద వల్ల పొట్ట గడిచే దారి గాని, బిడ్డకు చదువు గాని రాలేదు. ఒక్కడి చేతిలో ఎంత ధనం ఉన్నా అది ఆ ఒక్కడి వెంటే పోతుంది. నలుగురి చేతుల్లో కొంచెం కొంచెం ఉండి, ఆ నలుగురూ ఒక కట్టుబాటులో ఉంటే అది ఊళ్లో నిలుస్తుంది. తరువాతి కాలంలో మన పక్కనే జరిగిన విషయాలు ఈ మాటను రుజువు చేస్తాయి.

మేకతోలు వెంట మద్రాసు దాకా

మనది వాన మీద ఆధారపడ్డ నేల. సజ్జ, జొన్న, కంది, ఆ తరువాత పొగాకు. పెన్నమ్మ నీళ్లు ఆత్మకూరు వైపు కొన్ని ఊళ్లకు అందినా కొండాపురం దిక్కు మెట్టే. ఇట్లాంటి నేలలో పంట పోయిన ఏడు ఆదుకునేది జీవాలే. మేకలు, గొర్రెలు ఉన్నచోట తోళ్ల బేరం ఉంటుంది. తంగేడు చెట్టు ఉన్నచోట తోలు పదును పెట్టడానికి చెక్క దొరుకుతుంది. మద్రాసు రాజధాని మెట్ట జిల్లాలన్నిటా పందొమ్మిదో శతాబ్దం నుంచి ఈ వ్యాపారం పెరిగింది. ఊరూరా తిరిగి తోళ్లు కొనేవాళ్లు, వాటికి ఉప్పు పట్టించి పంపే చిన్న షావుకార్లు, మద్రాసు పెరియమేటలో కమీషన్ మండీలు, ఉత్తర ఆర్కాటులో టానరీలు, అక్కడి నుంచి లండను వేలాలు, ఇట్లా ఒక గొలుసు. తంగేడు చెక్కతో పదును పెట్టిన ఆ తోళ్లకు విదేశాల్లో "ఈస్టిండియా" తోళ్లని పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల బూట్లకు ఇవి విపరీతంగా పోయాయి.

ఈ గొలుసులో పెద్ద భాగం ముస్లిం వర్తకులది. వాళ్లు చేసినదేమిటో చూడండి. మద్రాసులో 1902లో దక్షిణ భారత ముస్లిం విద్యా సంఘం ఏర్పడింది. ఆ సంఘమే 1951లో న్యూ కాలేజీ పెట్టింది. వాణియంబాడి తోళ్ల వర్తకులు ముస్లిం విద్యా సంఘం పెట్టుకుని 1919 నాటికి ఇస్లామియా కాలేజీని నిలబెట్టారు. అప్పటికి మన జిల్లాల్లో కాలేజీ మొహం చూసిన ముస్లిం పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. తిరుచిరాపల్లిలో 1951లో వెలసిన జమాల్ మొహమ్మద్ కాలేజీకి ఆ పేరు తోళ్ల వ్యాపారంలో దేశమంతా ఎరిగిన జమాల్ మొహమ్మద్ సాహెబుది. మేల్విషారానికి చెందిన నవాబ్ సి. అబ్దుల్ హకీం సాహెబు మద్రాసు సెంట్రల్ స్టేషను ఎదుట సిద్దీఖ్ సరాయి కట్టించారు. మద్రాసు ఆసుపత్రులకు పోయిన మన వాళ్లకు ఆ పేరు బాగా తెలుసు. చేతిలో పెద్దగా డబ్బు లేకుండా రైలు దిగినవాడికి రాత్రికి తల దాచుకునే చోటు ఎంత విలువైనదో పడినవాడికే తెలుస్తుంది.

తెలుగునాట కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబు 1947లో ఉస్మానియా కాలేజీని స్థాపించారు. స్వతంత్రం వచ్చిన ఏడాది, దేశమంతా అల్లకల్లోలంగా ఉన్న సమయంలో, రాయలసీమ పిల్లల కోసం కాలేజీ పెట్టడానికి ఎంత గుండె కావాలి! ఆయన వ్యాపారి కాదు, పండితుడు. ఒక చోట వ్యాపారి చేయి, మరో చోట పండితుడి పూనిక. రెండూ కలిసిన చోట పని త్వరగా అయింది.

అయితే చరిత్ర చెప్పేటప్పుడు ఒక వైపే చెప్పరాదు. ఆ టానరీల వల్లనే పాలారు లోయలో బావుల నీళ్లు చెడిపోయాయి, పొలాలు పాడయ్యాయి. రైతులు, ప్రజలు కోర్టుకెక్కారు. 1996లో సుప్రీంకోర్టు వెల్లూరు పౌర సంక్షేమ వేదిక కేసులో తీర్పు చెబుతూ, కలుషితం చేసినవాడే నష్టపరిహారం కట్టాలన్నది. కాలేజీ కట్టించిన వ్యాపారమే బావిని పాడుచేసింది. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో తీసుకుంటే అది సేవ అనిపించుకోదు. దానం ఎంత ఇచ్చావన్నది ఎట్లా అడుగుతామో, ఎట్లా సంపాదించావన్నదీ అట్లాగే అడగాలి.

పిడికెడు బియ్యం

పెద్ద టానరీలు, పెద్ద నవాబులు ఉన్నచోట కాలేజీలు వచ్చాయి సరే, మనలాంటి చిన్న కొట్ల వాళ్లకు అదెట్లా సాధ్యమని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు తమిళదేశంలో విరుదునగరంలో ఉంది. ఇది మన సమాజం వాళ్ల కథ కాదు, నాడార్ల కథ. మంచి ఎక్కడున్నా నేర్చుకోవచ్చు గదా.

నాడార్లు ఒకప్పుడు కల్లు గీసుకునే బీదవాళ్లు. గుడిలోకి రానివ్వని రోజులు. కొందరు తాటిబెల్లం, ఎండుచేపలు, ఉప్పు ఎద్దుల బండ్ల మీద వేసుకుని మారకానికి పోయి చిన్న చిన్న పేటల్లో స్థిరపడ్డారు. ఆ పేటల్లో "మహిమై" అని ఒక ఉమ్మడి నిధి పెట్టుకున్నారు. మన శాసనాల్లో ఉన్న మగమ, వాళ్ల మహిమై ఒకటే మాట. అమ్మిన ప్రతి బస్తా మీద ఇంత అని కాటా దగ్గరే తీసి ఉమ్మడి పెట్టెలో వేయాలి. లాభం వచ్చిందా నష్టం వచ్చిందా అని చూడరు. ఆ డబ్బుతో బావులు తవ్వించారు, సత్రాలు కట్టారు, 1880లలో విరుదునగరంలో బడి పెట్టారు. ఆ బడికి ఆడవాళ్లు వంటకు బియ్యం కొలిచేటప్పుడు రోజూ ఒక పిడికెడు వేరే కుండలో వేసి ఇచ్చేవారు. ఆ బడి తలుపులు తమ వాళ్లకే గాక అన్ని కులాల పిల్లలకూ తెరిచారు. 1910లో నాడార్ మహాజన సంఘం, 1921లో నాడార్ బ్యాంకు వచ్చాయి. ఆ బ్యాంకే నేటి తమిళనాడు మర్కంటైల్ బ్యాంకు.

కాటా దగ్గర తీసిన పైసాకూ, అన్ని ఖర్చులూ పోను మిగిలిన పైసాకూ చాలా తేడా ఉంది. మిగిలితే ఇస్తామనుకుంటే ఎప్పటికీ మిగలదు. ఏ కొట్టువాడినైనా అడగండి, సంవత్సరాఖరుకు చేతిలో ఏం మిగిలిందో! ముందే వేరు చేస్తే అది మన డబ్బు కాదని మనసు అలవాటు పడుతుంది. మన చిన్నతనంలో దర్గా ఉరుసుకని, బడికని ఇళ్లల్లో డబ్బాలు పెట్టేవారు. అమ్మీ రోజూ కొంగుముడి విప్పి ఒక కాసు వేసేది. అది ఎంతన్నది కాదు ముఖ్యం, మరచిపోకుండా వేయడం ముఖ్యం.

ధర్మం ఎవరి జేబులోది?

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. ఈ కాటా దగ్గరి కోత అన్ని చోట్లా ధర్మంగా నడవలేదు. రైతు సరుకు మార్కెట్టుకు తెస్తే, తరుగని, మచ్చుకని, కమీషననీ, హమాలీ అనీ, చివరకు "ధర్మం" అనీ తీసేవారు. సత్రానికో, గోశాలకో, గుడికో, మసీదుకో అని పేరు. డబ్బు పోయింది రైతు జేబులోంచి, శిలాఫలకం మీద పేరు పడింది షావుకారుది. ఆ డబ్బు నిజంగా సత్రానికి చేరిందా లేదా అని రైతు అడగలేడు, అడిగితే రేపు సరుకు కొనేవాడుండడు. 1928లో వ్యవసాయంపై రాయల్ కమిషన్ ఇచ్చిన నివేదిక ఈ అడ్డగోలు కోతలను గట్టిగానే విమర్శించింది. మద్రాసు రాష్ట్రంలో 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1966లో మార్కెట్ల చట్టం వచ్చి, నిబంధనల్లో లేని కోతలు కోయరాదన్నది. మార్కెట్ యార్డు, మార్కెట్ కమిటీ మనకు ఆ చట్టం కిందనే ఏర్పడ్డాయి.

మన ప్రాంతంలో పొగాకు వేసే రైతులకు ఇది మరీ బాగా తెలుసు. పొగాకు బోర్డు 1976లో ఏర్పడింది. అంతకుముందూ, ఆ తరువాత కొన్నేళ్లూ రైతు పొగాకును వ్యాపారి గోడౌనుకు తోలుకుపోవడం, ఆయన చెప్పిన గ్రేడు, ఆయన చెప్పిన ధర, ఆయన ఇచ్చినప్పుడే డబ్బు. ఆంధ్రలో 1985లో బోర్డు వేలాలు మొదలైన తరువాత బేలు అందరి ఎదుటా వేలానికి వస్తున్నది, ధర కాగితం మీద పడుతున్నది. మనకు దగ్గరలో కలిగిరిలోనూ, డి.సి. పల్లిలోనూ వేలం కేంద్రాలున్నాయి. వేలం సీజనులో ఆ ఊళ్లలో హోటళ్లు, లారీలు, హమాలీలు, బట్టల కొట్లు, అందరికీ చేతినిండా పని. వేలం వల్ల రైతు కష్టాలన్నీ తీరలేదు. ధర పడిపోయిన సంవత్సరాలు ఎన్నో ఉన్నాయి. 2000–01లో పంట విరామమే ప్రకటించవలసి వచ్చింది. అయినా కళ్లెదుట జరిగే బేరానికీ, తలుపు చాటు బేరానికీ తేడా ఉందని అందరూ ఒప్పుకుంటారు.

కనుక వర్తకులు సమాజానికి చేసే మొదటి సేవ చందా కాదు. సరైన తూకం, సకాలంలో డబ్బు, చెప్పిన ధర. ఇవి మూడూ ఉన్న తరువాత ఇచ్చే చందాయే చందా. తూకాల్లో మోసం చేసేవారి గురించి ఖురాన్ షరీఫ్‌లో ఒక సూరాయే ఉన్నదన్న సంగతి మన పిల్లలకు చెప్పాలి.

ఉదయగిరి చెక్క గరిటెలు

ఇంతదూరం చెప్పిన తరువాత మన ఇంటి సంగతి మాట్లాడకపోతే తప్పు. ఉదయగిరిలో చెక్కతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు చేస్తారు. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి, దేవదారి వంటి కర్రను తెచ్చి, ఆకురాయి, ఉలి, చిన్న రంపంతో చేత్తోనే చేసే పని అది. కాడల మీద సన్నటి పువ్వులు, జాలీలు, చేపలు చెక్కుతారు. ఆ పనితనంలో పారశీక ఛాయలు ఉన్నాయని చూసినవాళ్లు అంటారు. చేసేవాళ్లలో ఎక్కువమంది మన ముస్లిం కుటుంబాల ఆడవాళ్లు. ఇంట్లో వంట చేసుకుని, పిల్లల్ని బడికి పంపి, అరుగు మీద కూర్చుని చేస్తారు. లేపాక్షి ఎంపోరియంలలో, ఢిల్లీ, హైదరాబాదు ఎగ్జిబిషన్లలో అవి అమ్ముడుపోతాయి. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఆ పేరు పెట్టుకుని మరెక్కడో యంత్రం మీద చేసి అమ్మడానికి వీల్లేదన్నమాట.

పేరు వచ్చింది, సంతోషం. కాని పేరుతో పొయ్యి వెలగదు. పెట్టుబడి లేని చేతిపనివాళ్లకు ఎక్కడైనా ఒకటే కష్టం. కర్ర కొనడానికి చేతిలో డబ్బుండదు, ఎవరో ఒకరి దగ్గర ముందు తీసుకోవాలి. తీసుకున్న తరువాత సరుకు ఆయనకే వేయాలి, ఆయన చెప్పిన ధరకే వేయాలి. పట్నంలో దుకాణంలో పలికిన ధరలో చెక్కిన చేతికి చేరేది ఎంతో మనందరం ఊహించవచ్చు. పొగాకు రైతు 1985కు ముందు ఏ స్థితిలో ఉన్నాడో, చెంచా చెక్కే అక్కాచెల్లెళ్లు ఆ స్థితిలో ఉండకూడదు.

దీనికి మందు మన పెద్దలకు తెలియనిది కాదు. వడ్డీ లేని అప్పు, ఖర్జె హసనా. వ్యక్తిగతంగా ఇచ్చేదే కాదు, సంఘంగా ఏర్పడి కూడా ఇవ్వవచ్చు. హైదరాబాదులో ఎనభై, తొంభై ఏళ్ల కిందటే వడ్డీ లేని సహకార రుణ సంఘాలు నడిచిన సంగతి డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు రాసి పెట్టారు. ఉత్తర దేశంలో దేవ్‌బంద్‌లో 1961లో ముస్లిం ఫండ్ మొదలైంది. చిన్న వ్యాపారులు రోజుకింత దాచుకుంటే, అవసరమైనవాళ్లకు కుదువ మీద వడ్డీ లేకుండా ఇవ్వడం దాని పద్ధతి. మన రాష్ట్రంలో 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ప్రభుత్వ వాటా ధనం లేకుండా సభ్యులు తమ సొంత డబ్బుతో, తమ సొంత నిబంధనలతో సంఘం నడుపుకోవచ్చునని ఆ చట్టం చెప్పింది. దారి ఉంది. నడిచేవాళ్లు కావాలి.

మనకు మిగిలిన పని

మన ప్రాంతంలో వ్యాపారానికి ఆధారాలు లేవని అనలేము. నెల్లూరు–బొంబాయి రోడ్డు ఆత్మకూరు మీదుగా పోతున్నది. అనుమసముద్రంపేట దర్గాకు దేశం నలుమూలల నుంచీ అన్ని మతాల వాళ్లూ వస్తారు, వాళ్లను నమ్ముకుని ఎందరో చిన్న కొట్లవాళ్లు బతుకుతున్నారు. మన మండలంలోని చింతలదేవిలో ఒంగోలు జాతి వంటి దేశీయ పశువుల కోసం జాతీయ కామధేను కేంద్రం ఉంది. కలిగిరిలో పొగాకు వేలం ఉంది, ఉదయగిరిలో చెంచాల పని ఉంది. లేనిదల్లా వీటి మధ్య ఒక ఉమ్మడి కట్టుబాటు.

మన కుర్రవాళ్లు మద్రాసు, బెంగుళూరు, కువైటు పోతున్నారు. పోవడం తప్పు కాదు. వాళ్లు పంపిన డబ్బుతోనే చాలా ఇళ్ల పైకప్పులు మారాయి. కాని ఇష్టపడి పోవడం వేరు, ఇక్కడ దారి లేక పోవడం వేరు. పదో తరగతి పాసయిన ఆడపిల్ల కాలేజీ దూరమని, బస్సు ఖర్చని ఇంట్లోనే నిలిచిపోతే ఆ నష్టం ఆ ఒక్క ఇంటిది కాదు, మనందరిదీ. దాన్ని ఒక్క షావుకారు ఔదార్యం తీర్చలేదు. ఆయన ఒక ఏడు ఇస్తాడు, రెండో ఏడు బేరాలు బాగుండక ఇవ్వలేడు. ఆ పిల్ల చదువు ఆయన బేరం మీద ఆధారపడకూడదు.

అందుకని సభ్యుల ముందు మూడు చిన్న ప్రతిపాదనలు పెడుతున్నాను. పెద్దలు ఆలోచించండి, తప్పులుంటే దిద్దండి.

మొదటిది: మన సంఘంలో ఉన్న కొట్లవాళ్లంతా సంవత్సరానికొకసారి చందా రాయడానికి బదులు, రోజూ గల్లాపెట్టె మూసేముందు ఎంతో కొంత, పది రూపాయలైనా సరే, వేరే డబ్బాలో వేయాలి. ఇది తన లాభంలోంచి తీయాలి తప్ప గిరాకీ బిల్లులో కలపకూడదు, రైతు తూకంలో కోయకూడదు. వెనకటి "ధర్మం" ఎట్లా చెడిపోయిందో పైన చెప్పుకున్నాం.

రెండోది: ఆ డబ్బులో ఒక భాగం పిల్లల చదువుకు, ముఖ్యంగా పదో తరగతి దాటిన ఆడపిల్లల బస్సు పాసుకూ ఫీజులకూ పోవాలి. ఇంకో భాగం చేతిపని చేసుకునే ఆడవాళ్లకు కర్ర కొనడానికి వడ్డీ లేని అప్పుగా పోవాలి. చదువుకు ఇచ్చింది తిరిగిరాదు, రావలసిన పని లేదు. అప్పుగా ఇచ్చింది తిరిగి రావాలి, వచ్చి ఇంకొక చేతికి పోవాలి. ఈ రెండు ఖాతాలూ కలపకూడదు. కలిపితే రెండూ పోతాయి.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: లెక్క. ఎవరెంత ఇచ్చారు, ఎవరికెంత పోయింది, చేతిలో ఎంత నిలవ, ఇవి మన వార్షికోత్సవం నాడు మైకులో చదవాలి. వచ్చే సంవత్సరం నుంచి ఈ సావనీరులో ఒక పేజీ అందుకే కేటాయించాలి. సాయం పుచ్చుకున్న కుటుంబం పేరు రాయనక్కరలేదు, వాళ్ల మర్యాద మనకు ముఖ్యం. మొత్తం మాత్రం పైసాతో సహా రాయాలి. మన పూర్వులు రాతి మీద చెక్కించారు. మనం కాగితం మీదైనా అచ్చువేయలేమా?

మా అబ్బాజాన్ది చిల్లర కొట్టు. రోజూ చీకటి పడ్డాక లాంతరు ముందు కూర్చుని చిట్టా రాసేవారు. అమ్మకం రాసి, కొనుగోలు రాసి, చివర ఒక గీత గీసి దాని కింద "అల్లా పద్దు" అని ఒక అంకె వేసేవారు. ఒక్కోరోజు అది రెండణాలు కూడా ఉండేది కాదు. బేరం లేని రోజున కూడా ఆ గీత గీయకుండా పుస్తకం మూసేవారు కాదు. "అంకె చిన్నదైనా పద్దు ఉండాల్రా, పద్దు లేకపోతే మరచిపోతాం" అనేవారు. ఆ పుస్తకాలు చెదలు తిన్నాయి, కొట్టూ లేదు. ఆ పద్దులోంచి ఫీజు కట్టించుకుని చదువుకున్న పక్కవీధి పిల్లవాడు మాత్రం పెద్దవాడై, మాస్టరై, ఎందరికో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఆయన మతం వేరు, మా మతం వేరు. పండగకు ఇప్పటికీ మా ఇంటికి వచ్చి పోతాడు.

సభ్యులంతా ఈ రాత్రి గల్లా మూసేటప్పుడు ఆ గీత ఒకటి గీయండి. వచ్చే సంవత్సరం సావనీరులో లెక్క చూసుకుందాం.